గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి ముందు, తర్వాత పేషెంట్‌ని ఎలా చూసుకోవాలి: నర్సులకీ, పక్కనుండే ఇంటివాళ్లకీ సమగ్ర మార్గదర్శి

"గాల్‌బ్లాడర్ తీసేశారు, ఇప్పుడు నేను ఏమేం చూడాలి?" సర్జికల్ వార్డుకి కొత్తగా వచ్చిన నర్సులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పేషెంట్ పక్కన రాత్రంతా కూర్చునే ఇంటివాళ్లదీ అదే ప్రశ్న. అందుకే ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరసగా రాస్తున్నాను. గాల్‌బ్లాడర్ అంటే పైత్యరసం (కొవ్వు అరగడానికి కాలేయం తయారుచేసే రసం) నిల్వ ఉండే సంచి.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఈ ఆపరేషన్ అయిన మనిషి పూటపూటకీ తేరుకోవాలి. పొద్దున్న కంటే సాయంత్రానికి నొప్పి తగ్గాలి, నిన్నటి కంటే ఇవాళ రెండడుగులు ఎక్కువ నడవాలి. అలా తేరుకోవడం లేదంటే లోపల ఏదో ఉందని అనుమానించాలి. కింద చెప్పిన పనుల్లో చాలావరకు ఆ తేడాను తొందరగా పట్టుకోవడానికే.

మందుల మోతాదులు, టైములు మీ డాక్టర్ రాసిన ఆర్డర్ ప్రకారమే నడవాలి. ఇక్కడ రాసినదానికీ ఆర్డర్‌కీ తేడా ఉంటే ఆర్డరే పాటించండి.

## 1. ఏ రకం ఆపరేషనో ముందు తెలుసుకోండి

లాపరోస్కోపిక్ పద్ధతిలో మామూలుగా పొట్ట మీద 4 చిన్న రంధ్రాలు పెడతారు. ఒకటి బొడ్డు దగ్గర ఉంటుంది. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపి, కెమెరాలో చూస్తూ గాల్‌బ్లాడర్ని తీస్తారు. చాలామంది అదే రోజు గానీ మర్నాడు గానీ ఇంటికి వెళ్లిపోతారు.

ఓపెన్ పద్ధతిలో కుడి పక్కటెముకల కింద పొడవుగా కోస్తారు. నొప్పి ఎక్కువ, ఊపిరి గట్టిగా పీల్చడం కష్టం, ఆస్పత్రిలో మరికొన్ని రోజులు ఉండాలి.

లాపరోస్కోపీగా మొదలుపెట్టినా, లోపల వాపు ఎక్కువగా ఉన్నా, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నా మధ్యలో ఓపెన్‌కి మార్చాల్సి రావచ్చు. ఈ సంగతి పేషెంట్‌కి ముందే తెలియాలి. మెలకువ వచ్చి పెద్ద కట్టు చూసి "ఏదో తేడా జరిగింది" అని కంగారుపడేవాళ్లు చాలామంది ముందు ఆ మాట వినకపోయినవాళ్లే.

## 2. చేరిన రోజు: అడిగి రాసుకోవాల్సినవి

"ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగి వదిలేయకండి. చాలామంది "ఏవీ లేవండీ" అనేస్తారు. రోజూ వేసుకునే మాత్ర వాళ్ల లెక్కలో మందే కాదు. "మీ మాత్రల స్ట్రిప్పులు తెప్పించండి, ఒకసారి చూస్తాను" అనండి. ఒకసారి ఇలాగే తెప్పిస్తే బీపీ మాత్రల అడుగున రక్తం పలచబరిచే మాత్ర సగం వాడిన స్ట్రిప్పు కనిపించింది. ఆ పేషెంట్ కేస్ షీట్‌లో అప్పటికే "మందులు ఏమీ లేవు" అని రాసి ఉంది.

చూసుకోవాల్సిన మందులు:

- ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచేవి. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో డాక్టర్ చెప్పాలి. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపడం ప్రమాదం.
- షుగర్ మాత్రలు, ఇన్సులిన్. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రల్ని కనీసం 3 రోజుల ముందు ఆపాలి. లేకపోతే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాదం ఉంది. అడ్మిషన్ రోజున కూడా వేసుకున్నారని తెలిస్తే వెంటనే మత్తు డాక్టర్‌కి చెప్పండి.
- బీపీ, థైరాయిడ్, ఫిట్స్, ఆస్తమా మందులు. వీటిలో చాలావాటిని ఆపరేషన్ రోజు పొద్దున కూడా కొనసాగిస్తారు.
- మూలికా మందులు, సప్లిమెంట్లు. వీటిని విడిగా పేరు పెట్టి అడగాలి.

తర్వాత అలర్జీలు, ఇంతకుముందు జరిగిన ఆపరేషన్లు, మత్తు పడకపోయిన సందర్భాలు, పొగతాగే అలవాటు. ప్రయాణంలో వాంతులయ్యే అలవాటు ఉందా అని కూడా అడగండి. అలాంటివాళ్లకి ఆపరేషన్ తర్వాత వాంతులు ఎక్కువగా అవుతాయి. ముందే తెలిస్తే మత్తు డాక్టర్ దానికి తగ్గట్టు మందు ఇస్తారు.

కళ్లలో తెల్లగుడ్డు పసుపుగా ఉందేమో పగటి వెలుతురులో చూడండి. మూత్రం ముదురు రంగులో, మలం సున్నం రంగులో వస్తోందా అని అడగండి. పైత్యనాళంలో (పైత్యరసాన్ని పేగులోకి తీసుకెళ్లే గొట్టంలో) రాయి అడ్డుపడితే పైత్యరసం పేగులోకి చేరదు. అది చేరకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. అందుకే కామెర్లు ఉన్నవాళ్ల ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే పరీక్ష) రిపోర్టు చూడకుండా థియేటర్‌కి పంపకూడదు. అవసరమైతే విటమిన్ కె ఇంజెక్షన్ రాస్తారు.

పల్స్, బీపీ, జ్వరం, ఆక్సిజన్ శాతం, బరువు అన్నీ రాసి పెట్టండి. రేపు రాత్రి పల్స్ 104 ఉంటే అది ఎక్కువా తక్కువా అని తేల్చేది ఇవాళ రాసిన అంకే.

## 3. నేర్పాల్సినవి ముందే నేర్పండి

మత్తు దిగుతూ, నొప్పితో ఉన్న మనిషికి కొత్తగా ఏదీ ఎక్కదు. ముందు రోజు పది నిమిషాలు కూర్చుని ఇవి చేయించండి.

1. సగం కూర్చున్నట్టు పడుకోబెట్టండి. ఒక చేయి పొట్ట మీద పెట్టుకోమనండి.
2. ముక్కుతో నెమ్మదిగా, లోతుగా ఊపిరి పీల్చి, 3 సెకన్లు ఆపి, నోటితో వదలమనండి.
3. ఇలా 5 నుంచి 10 సార్లు. ఆపరేషన్ తర్వాత మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి చేయాలి.
4. చిన్న దిండుని కుట్లు ఉండబోయే చోట రెండు చేతులతో అదిమి పట్టుకుని దగ్గడం నేర్పండి. కుట్లు ఊడిపోతాయన్న భయం పోయేది దీంతోనే.
5. పాదాలు పైకీ కిందకీ ఆడించడం, చీలమండలు గుండ్రంగా తిప్పడం. కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి.

"ఆపరేషన్ పొట్టకే అయినా భుజం నొప్పి రావచ్చు" అని కూడా ఇప్పుడే చెప్పేయండి. కారణం ఆరో భాగంలో రాశాను.

సంతకం విషయం: ఆపరేషన్ గురించి వివరించే బాధ్యత సర్జన్‌ది. నర్సు చూడాల్సింది పేషెంట్‌కి నిజంగా అర్థమైందా లేదా అని. "మీకు రేపు ఏం చేస్తారో మీ మాటల్లో చెప్పండి" అని అడిగితే తెలిసిపోతుంది. అర్థం కాకపోతే సర్జన్‌ని మళ్లీ పిలవండి, కాగితం ముందుకు తోసి సంతకం పెట్టించుకోవద్దు.

## 4. ముందు రాత్రి నుంచి థియేటర్ గుమ్మం దాకా

మామూలుగా తేలికపాటి ఘనాహారం 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలి. కొవ్వు ఎక్కువున్న భోజనమైతే 8 గంటలు. "అర్ధరాత్రి నుంచి చుక్క నీళ్లు కూడా వద్దు" అని అందరికీ ఒకే మాట చెప్పేయడం పాత అలవాటు. మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్ ఉన్న పెద్దాయన అప్పటికి ఒళ్లు ఎండిపోయి, తలనొప్పితో నీరసపడి ఉంటారు. కేసు టైము కనుక్కుని, గంటలు వెనక్కి లెక్కపెట్టి, మత్తు డాక్టర్‌తో ఖాయం చేసుకుని చెప్పండి. కొనసాగించాల్సిన మాత్రని గుటకెడు నీళ్లతో ఇవ్వొచ్చు.

స్నానం సబ్బుతో చేయించండి. బొడ్డుని ప్రత్యేకంగా చూడండి. మొదటి రంధ్రం సాధారణంగా పెట్టేది అక్కడే, మట్టి పేరుకునేదీ అక్కడే. దూదిపుల్లని తడిపి మెల్లగా శుభ్రం చేయాలి, గట్టిగా రుద్ది పుండు చేయకూడదు. జుట్టు తీయాల్సి వస్తే క్లిప్పర్ వాడండి. బ్లేడుతో గీస్తే కంటికి కనపడనంత చిన్న గాట్లు పడి ఇన్‌ఫెక్షన్‌కి దారి ఇస్తాయి.

స్ట్రెచర్ కదిలే ముందు చూసుకోండి:

- చేతికి పేరు, నంబరు ఉన్న పట్టీ. అలర్జీ ఉంటే ఆ గుర్తు
- సంతకమైన కన్సెంట్ (ఆపరేషన్‌కి ఒప్పుకున్న కాగితం), రక్త పరీక్షలు, స్కాన్, ఈసీజీ
- పెట్టుడు పళ్లు, కాంటాక్ట్ లెన్సులు, నగలు తీసి ఇంటివాళ్లకి అప్పగించడం
- గోళ్ల రంగు తీసేయడం, లేకపోతే వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు రీడింగ్ తప్పుగా రావచ్చు
- చివరిసారి తిన్నది, తాగింది ఎప్పుడో టైముతో సహా
- మూత్రానికి వెళ్లి రావడం
- షుగర్ ఉన్నవాళ్లకి ఇప్పటి రీడింగ్
- గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకి పరీక్ష ఫలితం
- యాంటీబయాటిక్ రాసి ఉంటే అది థియేటర్‌కి పంపడం. కోత పెట్టడానికి ముందు 60 నిమిషాల లోపు ఇవ్వాలి కాబట్టి వార్డులో ముందుగా ఇచ్చేయొద్దు.

## 5. తిరిగొచ్చాక మొదటి గంట

మంచం దగ్గరికి చేర్చగానే తీసుకొచ్చినవాళ్లని పంపించేయకండి. నాలుగు విషయాలు అడగండి: లాపరోస్కోపీయేనా, ఓపెన్‌కి మార్చారా? రక్తం ఎంత పోయింది? డ్రెయిన్ (లోపలి ద్రవం బయటికి వచ్చే గొట్టం) పెట్టారా, ఎక్కడ? చివరి నొప్పి మందు ఏది, ఎన్నింటికి?

తర్వాత ఈ వరసలో చూడండి:

1. పేరు పెట్టి పిలవండి. కళ్లు తెరిచి బదులిస్తున్నారా?
2. ఊపిరి. ఛాతీ రెండు పక్కలా సమంగా లేస్తోందా? గురక, గరగర వినిపిస్తోందా? వినిపిస్తే పక్కకి తిప్పి, గడ్డం పైకెత్తి, సాయం పిలవండి.
3. ఆక్సిజన్ శాతం. ఊపిరితిత్తుల జబ్బు లేనివాళ్లకి 94 కంటే తగ్గకూడదు.
4. పల్స్, బీపీ, ఒంటి వేడి. చేతులు, పాదాలు వెచ్చగా ఉన్నాయా?
5. ప్రతి కట్టూ విడివిడిగా. మరక ఉంటే దాని అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి టైము రాయండి. అరగంటలో గీత దాటిందా లేదా అన్నది అప్పుడు ఎవరు చూసినా తెలుస్తుంది.
6. డ్రెయిన్ సంచి, సెలైన్, కాన్యులా (సెలైన్ ఎక్కడానికి చేతి రక్తనాళంలో పెట్టిన సన్నటి గొట్టం).

పూర్తిగా మెలకువ వచ్చి, బీపీ నిలకడగా ఉంటే తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తండి. ఊపిరి తేలికవుతుంది.

చాలాచోట్ల మొదటి గంట 15 నిమిషాలకోసారి, తర్వాత రెండు గంటలు అరగంటకోసారి, ఆపైన గంటకోసారి చూస్తారు. మీ వార్డు పద్ధతి పాటించండి. కానీ అంకెల్ని విడివిడిగా కాకుండా పక్కపక్కన పెట్టి చదవండి. పల్స్ 82, తర్వాత 94, తర్వాత 108. బీపీ మాత్రం మామూలే. ఇది "బీపీ బాగుంది కదా" అని ఊరుకునే పరిస్థితి కాదు. లోపల రక్తస్రావం అవుతుంటే చాలామందిలో ముందు పల్స్ పెరుగుతుంది, బీపీ పడేది తర్వాతే. అయితే బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవాళ్లలో పల్స్ అంతగా పెరగకపోవచ్చు. వాళ్ల చర్మం రంగు, చెమట, మూత్రం ఎక్కువగా గమనించండి.

## 6. మొదటి 24 గంటలు

నొప్పి. "నొప్పిగా ఉందా?" అని కాకుండా సున్నా నుంచి పది దాకా ఎంత అని అడగండి. పడుకున్నప్పుడు ఎంత, దగ్గినప్పుడు ఎంత? దగ్గలేనంత నొప్పి ఉంటే ఊపిరి వ్యాయామం జరగదు, నడక జరగదు. నొప్పి ముదిరాక మందు ఇవ్వడం కంటే టైము ప్రకారం ఇవ్వడం మేలు. పారాసెటమాల్ ఇంజెక్షన్, మాత్ర రెండూ రాసి ఉంటే రోజు మొత్తం ఎంతవుతుందో కలిపి లెక్కపెట్టండి. మార్ఫిన్ లాంటి మందు ఇచ్చాక ఊపిరి వేగం, మగతా తప్పకుండా చూడాలి.

భుజం నొప్పి. రాత్రి పదకొండింటికి కుడి భుజం పట్టుకుని "సిస్టర్, ఇది గుండెపోటు కాదు కదా?" అని అడుగుతారు. ముఖంలో భయం కనిపిస్తుంది. పొట్టలో మిగిలిన గ్యాస్, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరమైన డయాఫ్రమ్‌ని రేపుతుంది. ఆ డయాఫ్రమ్‌కీ భుజానికీ నరాల దారి ఒకటే కావడంతో నొప్పి భుజంలో తెలుస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు, కూర్చున్నప్పుడు పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. 1 నుంచి 3 రోజుల్లో పోతుంది. నడిపించండి. ఎడమ పక్కకి తిప్పి, కుడి మోకాలు ముడిచి పడుకోబెట్టండి. భుజానికి గోరువెచ్చటి కాపడం హాయినిస్తుంది.

కానీ ఈ నొప్పితో పాటు ఛాతీలో బిగుతు, చల్లటి చెమట, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉంటే గ్యాస్ అని సర్దిచెప్పొద్దు. వెంటనే డాక్టర్ని పిలిచి ఈసీజీ తీయించండి.

వాంతులు. ఈ ఆపరేషన్ తర్వాత వికారం మామూలే. రాసిన మందు ఇవ్వండి, తల పక్కకి తిప్పండి, వికారం తగ్గేదాకా తాగడానికి ఇవ్వొద్దు. తర్వాత గుక్కెడు నీళ్లతో మొదలుపెట్టండి. మందు ఇచ్చినా ఆగకుండా, పొట్ట ఉబ్బుతూ వాంతులవుతుంటే అది వేరే లెక్క, డాక్టర్ చూడాలి.

మూత్రం. 6 నుంచి 8 గంటల లోపు రావాలి. రాకపోతే పొత్తికడుపు నిండుగా ఉందేమో చూసి, లేపి కూర్చోబెట్టండి, కుళాయి నీళ్ల చప్పుడు వినిపించండి. అప్పటికీ రాకపోతే చెప్పండి. కేథటర్ (మూత్రం గొట్టం) ఉన్నవాళ్లకి గంటకి కిలో బరువుకి 0.5 మి.లీ. కంటే తగ్గకూడదు. అంటే 60 కిలోల మనిషికి గంటకి 30 మి.లీ.

నడక. లాపరోస్కోపీ అయితే మెలకువ బాగా వచ్చి, తల తిరగకపోతే 4 నుంచి 6 గంటల్లో లేపొచ్చు. ఒక్కసారిగా నిలబెట్టకండి. పక్కకి తిప్పి, మోచేతి మీద లేపి, కాళ్లు కిందకి వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోబెట్టి, అప్పుడు నిలబెట్టండి. డ్రెయిన్ సంచి ఎక్కడుందో లేపే ముందే చూసుకోండి.

తిండి. నీళ్లు ఇమిడితే ద్రవాలు, అవి ఇమిడితే మెత్తటి ఆహారం. ఓపెన్ ఆపరేషన్‌కి సర్జన్ చెప్పేదాకా ఆగాలి.

## 7. డ్రెయిన్, టీ-ట్యూబ్

అందరికీ డ్రెయిన్ పెట్టరు. పెట్టినప్పుడు మాత్రం అది లోపలి కబురు బయటికి తెచ్చే గొట్టం, దాన్ని జాగ్రత్తగా చదవాలి.

మొదట్లో ఎర్రటి నీళ్లలా వచ్చి, రోజు గడిచేకొద్దీ పలచబడి, తగ్గిపోవాలి. చిక్కటి ఎర్ర రక్తం ఆగకుండా వస్తుంటే, సంచి నిండే దాకా చూడొద్దు. బంగారు పసుపు లేదా ఆకుపచ్చ రంగు కనిపిస్తే అది పైత్యరసం. రంగు అనుమానంగా ఉంటే కట్టు కట్టే తెల్లటి గాజ్ గుడ్డ మీద ఒక చుక్క వేసి వెలుతురులో చూడండి. పసుపుపచ్చ మచ్చ స్పష్టంగా తెలుస్తుంది. కొద్దిగానే వచ్చినా సర్జన్‌కి చెప్పాల్సిందే.

ఏమీ రాకపోవడం ప్రతిసారీ మంచి వార్తే అనుకోవద్దు. గొట్టం మెలికపడిందా, పేషెంట్ వీపు కింద నలిగిందా, గడ్డ అడ్డుపడిందా చూడండి. పొట్ట ఉబ్బుతూ డ్రెయిన్ ఖాళీగా ఉంటే దాన్ని నమ్మకండి.

పైత్యనాళం తెరిచి రాళ్లు తీసినవాళ్లకి కొన్నిసార్లు టీ-ట్యూబ్ (ఇంగ్లిష్ T అక్షరం ఆకారంలో ఉండే గొట్టం) పెడతారు. ఇది డ్రెయిన్ లాంటిది కాదు, నేరుగా నాళంలో ఉంటుంది. మొదటి 24 గంటల్లో 300 నుంచి 500 మి.లీ. దాకా పైత్యరసం రావచ్చు, తర్వాత తగ్గుతూ పోవాలి. దీన్ని సొంతంగా క్లాంప్ చేయొద్దు (క్లిప్పుతో బిగించి మూయొద్దు), నీళ్లు ఎక్కించి కడగొద్దు, లాగొద్దు. సంచి ఎక్కడ వేలాడదీయాలో సర్జన్‌ని అడిగి అక్కడే ఉంచండి. చుట్టూ చర్మం మీద పైత్యరసం కారితే మండి పుండవుతుంది. తుడిచి, ఆరబెట్టి, రక్షణ క్రీము రాయండి. సంచిలోకి రావడం తగ్గేకొద్దీ మలం రంగు మామూలుకి వస్తుంటే పైత్యరసం పేగులోకి పోతోందని అర్థం. అందుకే మలం రంగు రోజూ అడిగి రాయాలి.

## 8. వెంటనే డాక్టర్‌కి చెప్పాల్సినవి

- పల్స్ పెరుగుతూ, ముఖం పాలిపోయి, చల్లటి చెమటలు: రక్తస్రావం
- నొప్పి తగ్గాల్సింది పోయి పెరగడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, జ్వరం: పైత్యరసం లీకు లేదా పేగుకి దెబ్బ
- కళ్లు పసుపు, ముదురు మూత్రం, తెల్లటి మలం, దురద: నాళంలో రాయి మిగలడం లేదా నాళానికి దెబ్బ
- పై పొట్ట నుంచి వీపులోకి పొడిచే నొప్పి, వాంతులు: పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాపు
- ఒక కాలి పిక్క వాచి నొప్పి, లేదా ఉన్నట్టుండి ఆయాసం: రక్తం గడ్డ
- 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము

ఫోన్ చేసేటప్పుడు "పేషెంట్‌కి బాగోలేదు డాక్టర్" అంటే అవతలివాళ్లకి ఏమీ తెలియదు. ఇలా చెప్పండి: "లాపరోస్కోపిక్ గాల్‌బ్లాడర్, రెండో రోజు. నిన్న సాయంత్రం నొప్పి 3, ఇప్పుడు 7. పల్స్ 86 నుంచి 112కి వచ్చింది. జ్వరం 38.2. పొట్ట ఉబ్బింది. మీరు వచ్చి చూడాలి."

పైత్యరసం లీకు మొదటి రోజే బయటపడాలని లేదు. చాలావరకు వారం లోపు, అంటే పేషెంట్ ఇంట్లో ఉన్నప్పుడు తెలుస్తుంది. కాబట్టి ఈ జాబితా ఇంటివాళ్లకి కూడా ఇవ్వాలి.

## 9. తరచూ చూసే పొరపాట్లు, సరిదిద్దడం

"కదిలితే కుట్లు ఊడతాయి" అని పడుకోబెట్టేయడం. ఇంటివాళ్ల ప్రేమే, కానీ ఊపిరితిత్తుల అడుగున కఫం చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. నడిచే టైములు కాగితం మీద రాసి మంచం పక్కన అతికించండి.

తడిసిన కట్టు మీద ఇంకో కట్టు వేసి, ఎవరికీ చెప్పకపోవడం. పైకి పొడిగా కనిపిస్తుంది, కింద ఏముందో తర్వాతి డ్యూటీ వాళ్లకి తెలియదు. అలా పైన ఇంకో కట్టు వేయాల్సి వచ్చినా సరే, ఎన్నింటికి వేశారో, మరక ఎంతుందో రాసి చెప్పండి.

మలబద్ధకాన్ని పట్టించుకోకపోవడం. కొన్ని నొప్పి మందులు పేగుని మందగింపజేస్తాయి. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి. నీళ్లు, నడక, అవసరమైతే డాక్టర్ రాసిన విరేచనం మందు.

పేషెంట్ "ఏదో తేడాగా ఉంది" అంటే టెన్షన్ అని కొట్టిపారేయడం. ఒక్కోసారి అంకెలు మారకముందే మనిషికి తెలుస్తుంది. ఆ మాట విన్నప్పుడు పొట్ట తాకి, పల్స్ చూసి, గంట తర్వాత మళ్లీ చూడండి.

## 10. ఇంటికి పంపేటప్పుడు

ఏ మాత్ర ఎప్పుడో పేషెంట్ చేత చెప్పించండి. ఆపిన రక్తం పలచబరిచే మందు మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలో కాగితం మీద ఉండాలి. ఇది మర్చిపోవడం చాలా జరుగుతుంది.

- స్నానం: సర్జన్ ఒప్పుకుంటే 24 నుంచి 48 గంటల తర్వాత. నీళ్లు పైనుంచి జారనివ్వాలి, గాయాన్ని రుద్దకూడదు, మెత్తగా అద్ది ఆరబెట్టాలి. టబ్బు, ఈత గాయం మానేదాకా వద్దు.
- బరువులు: 4-5 కిలోలకి మించి ఎత్తొద్దు. లాపరోస్కోపీకి 1 నుంచి 2 వారాలు, ఓపెన్‌కి 4 నుంచి 6 వారాలు.
- పని: లాపరోస్కోపీ తర్వాత కూర్చుని చేసే పనికి చాలామంది వారం, రెండు వారాల్లో వెళ్తారు.
- డ్రైవింగ్: మగత తెచ్చే నొప్పి మందు మానేసి, గట్టిగా బ్రేకు తొక్కినా నొప్పి లేనప్పుడే.

తిండి గురించి అందరూ అడుగుతారు. గాల్‌బ్లాడర్ పైత్యరసాన్ని నిల్వ చేసే సంచి మాత్రమే, తయారు చేసేది కాలేయం. ఇప్పుడది కొంచెం కొంచెంగా నేరుగా పేగులోకి వస్తుంది. అందుకే కొవ్వు ఒకేసారి ఎక్కువగా పడితే కొందరికి ఉబ్బరం, నీళ్ల విరేచనాలు అవుతాయి. మొదటి కొన్ని వారాలు తక్కువ కొవ్వుతో కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు తినాలి. పీచు పదార్థాలు మెల్లగా పెంచాలి. వేపుడు మళ్లీ తినాలనుకుంటే కొద్దిగా తిని, ఒకరోజు ఆగి చూడాలి. చాలామందికి జీవితాంతం పథ్యం అవసరం రాదు. విరేచనాలు వారాల తరబడి తగ్గకపోతే మందు ఉంది, డాక్టర్‌కి చెప్పాలి.

చివరగా, తీసిన గాల్‌బ్లాడర్ బయాప్సీకి పంపారేమో అడిగి, రిపోర్టు ఏ రోజు వస్తుందో డిశ్చార్జ్ కాగితం మీద రాసివ్వండి. రాళ్ల కోసం తీసిన గాల్‌బ్లాడర్‌లో అరుదుగా క్యాన్సర్ బయటపడుతుంది, అది ఆ రిపోర్టులోనే తెలుస్తుంది. నొప్పి పోయింది, కుట్లు మానాయి అని చాలామంది ఆ కాగితం కోసం తిరిగి రారు. తేదీ, ఫోన్ చేయాల్సిన నంబరు రాసి, పేషెంట్‌తో పాటు వచ్చినవాళ్ల చేతిలో కూడా ఒక కాపీ పెట్టండి.